ఫుల్ ఫామ్ చెప్పండి

క్విజ్ రాసేవాళ్లకు ప్రశ్నలు తక్కువ పడితే ఒక అడ్డదారి ఉంది. ఫుల్ ఫామ్ అడగడం. వెతుక్కునే పని లేదు, జవాబు మీద పేచీ రాదు. మన జీకే పుస్తకాల్లో ‘అబ్రివియేషన్స్’ అని దీనికోసం విడిగా పేజీలే ఉంటాయి. కరీంనగర్‌లో గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ ఉద్యోగాలకి చదువుకునే పిల్లల రూముల్లో ముందు నలిగేవి ఆ పేజీలే. ఇస్రో, నాబార్డ్, సెబీ, యునెస్కో... రాత్రి పదకొండింటికి ఒకడు అడుగుతుంటాడు, ఇంకొకడు గోడకానుకుని కళ్లు మూసుకుని అప్పజెప్తుంటాడు. చెప్పినవాడికి ఆ సంస్థ ఏం పని చేస్తుందో తెలియకపోయినా ఫర్వాలేదు. అక్షరాలు విప్పితే చాలు, మార్కు పడుతుంది.

నేను రాసేది ఉద్యోగాల క్విజ్ కాదు. నెలకోసారి పదీ పదిహేను మందిమి కూడి ఆడుకునేది. అందులో సైన్స్ ఫిక్షన్ రౌండ్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది, అది నా వాటా. ఆ రౌండ్‌లోకి కూడా ఫుల్ ఫామ్‌లు ఎక్కడినుంచో వచ్చి చేరుతాయి. ఒకసారి ‘హెచ్ఏఎల్ అంటే ఏమిటి?’ అని అడిగాను. ఒక టీమ్ తడుముకోకుండా ‘హ్యూరిస్టికల్లీ ప్రోగ్రామ్డ్ ఆల్గోరిథమిక్ కంప్యూటర్’ అంది. 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో మనుషుల మాట వినని కంప్యూటర్ అది. ఇంకో టీమ్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్లాడు ‘హిందుస్తాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్’ అన్నాడు. ఇద్దరికీ పాయింట్లు ఇచ్చాను. ఆ పిల్లాడు ఊరుకోలేదు. “అన్నా, నాది నిజం, వాళ్లది కత. నిజానికి ఎక్కువ పాయింట్లు రావాలె గదా?” అన్నాడు. అందరం నవ్వాం. కానీ ఆ ప్రశ్న నా బుర్రలోంచి పోలేదు. లేని సంస్థ పేరుకు విడమరిచిన అర్థాన్ని బట్టీ పట్టడంలో మనకేం ఆనందం ఉంది? ఉన్న సంస్థల పేర్లకు అర్థం అడిగితే ఎందుకు మొహాలు చూసుకుంటాం?

కల్పిత సంస్థల సంగతి ముందు చూద్దాం. వాటి రహస్యం ఏమిటంటే, అక్కడ మాట ముందు పుడుతుంది, అక్షరాలకు అర్థాలు తర్వాత తగిలిస్తారు. 1965లో స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి మార్వెల్ కామిక్స్‌లో ‘షీల్డ్’ అనే గూఢచారి సంస్థను పుట్టించారు. షీల్డ్ అంటే డాలు. ఆ మాట కుదిరాక ‘సుప్రీం హెడ్‌క్వార్టర్స్, ఇంటర్నేషనల్ ఎస్పియనేజ్, లా-ఎన్‌ఫోర్స్‌మెంట్ డివిజన్’ అని దానికో తోక. 1991లో ఆ తోక కోసేసి వేరేది అతికించారు. సినిమాలకొచ్చేసరికి మూడో తోక. రెండుసార్లు ఒళ్లంతా మారినా డాలు డాలుగానే ఉంది. ‘ఐరన్ మ్యాన్’ (2008) తీసినవాళ్లకు ఈ తమాషా తెలుసు. ఆ సినిమాలో ఒక ఏజెంట్ సంస్థ పేరును ఆసాంతం చెప్పుకుంటూ తిరుగుతాడు. విన్నవాళ్లు విసుక్కుంటారు. కథ చివరికొచ్చాక గానీ, ఉట్టి షీల్డ్ అనండి చాలు అని ఆయనకు తట్టదు.

1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ సీరియల్‌లో కాలంలో ప్రయాణించే నీలిరంగు డబ్బా పేరు ‘టార్డిస్’. ‘టైమ్ అండ్ రిలేటివ్ డైమెన్షన్ ఇన్ స్పేస్’. మొదటి ఎపిసోడ్‌లోనే డాక్టర్ మనవరాలు సుసాన్, ఈ పేరు ఆ మొదటి అక్షరాలతో నేనే కట్టానని చెప్తుంది. ఇంట్లో పిల్ల పెట్టిన ముద్దుపేరన్న మాట. తర్వాతి కథల్లో మాత్రం ఆ జాతివాళ్లంతా తమ యంత్రాలన్నిటినీ టార్డిస్ అనే అంటారు. అభిమానులు దీని మీద దశాబ్దాలుగా తన్నుకుంటున్నారు. మన ఇళ్లలో బుజ్జి, చిట్టి అని పెట్టిన పేర్లు రేషన్‌కార్డులోకి ఎక్కలేదా? ఇదీ అంతే అనుకోవచ్చు.

నాకు వీటన్నిటికంటే నచ్చింది ‘థ్రష్’. 1964 నాటి ‘ది మ్యాన్ ఫ్రమ్ అంకుల్’ సీరియల్‌లో మంచివాళ్ల సంస్థ ‘అంకుల్’. ‘యునైటెడ్ నెట్‌వర్క్ కమాండ్ ఫర్ లా అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్’. చెడ్డవాళ్లది థ్రష్. సీరియల్ నడిచినన్నాళ్లూ థ్రష్ అంటే ఏమిటో తెర మీద ఎవరూ చెప్పలేదు. నవలల్లో ఎవరో చాంతాడంత అర్థం రాశారు. అది చదివాక థ్రష్ అంటే భయం తగ్గి నవ్వొస్తుంది. విప్పి చెప్పని పేరుకే బలం ఎక్కువ. ఎందుకంటే, అందరికీ తెలుసన్నట్టు వాడేస్తున్నారంటే ఆ సంస్థ ఎన్నాళ్లుగానో ఉన్నట్టు లెక్క. చూసేవాళ్లను నమ్మించేది విడమరిచిన అర్థం కాదు, ఆ అర్థాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం.

నిజం లోకంలో ఈ పట్టించుకోకపోవడం ఎట్లా ఉంటుందో చూడాలంటే మా దిక్కు రావాలి. కరీంనగర్‌లో సాయంత్రం గాలికి పోదామంటే ‘ఎల్ఎండీ కట్ట మీదికి’ అంటాం. లోయర్ మానేరు డ్యామ్ అని బోర్డు మీద చదవాల్సిందే, నోటితో అన్నవాళ్లు తక్కువ. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ‘ఎస్సారెస్పీ’. దాని కాకతీయ కాలువ నుంచి చీలిన పిల్లకాలువలకు పేర్లు కూడా లేవు, నంబర్లే. పెద్దపల్లి దిక్కు డీ-83, డీ-86 ఉంటాయి. ‘స్టార్ వార్స్’లో ఆర్2-డీ2 అని బుల్లి రోబో ఉంది చూడండి, దాని చుట్టమనిపిస్తుంది డీ-86. ఆర్2-డీ2 ఈల వేసి మాట్లాడుతుంది. డీ-86 ఏమీ మాట్లాడదు, కానీ దాంట్లో నీళ్లు రాకపోతే టెయిలెండ్‌లో వరి ఎండుతుంది. ఏ రచయితా ఇంత నమ్మదగ్గ పేరు కల్పించలేడు.

ఎఫ్‌సీఐ సంగతి ఇంకా వింత. కరీంనగర్ రైసుమిల్లులో ఎఫ్‌సీఐ అంటే ఫుడ్ కార్పొరేషన్. గోదాం, బియ్యం, తేమ శాతం. అక్కడినుంచి సుమారు 60 కిలోమీటర్లు పోయి రామగుండంలో అదే మాట అంటే ఫర్టిలైజర్ కార్పొరేషన్. ఎరువుల ఫ్యాక్టరీ. ఒక ఎఫ్‌సీఐ పొలంలోకి పోయేదాన్ని తయారుచేసేది, ఇంకో ఎఫ్‌సీఐ పొలంలోంచి వచ్చినదాన్ని కొనేది. వరి పుట్టుకకు, పోకకు రెండు కొసల్లో ఒకే మూడక్షరాలు. క్విజ్‌లో ఇది అడిగితే గొడవైపోతుంది. కానీ బస్సులో ఏ ఇద్దరూ దీనిమీద తికమక పడగా నేను చూడలేదు. ఏ ఊళ్లో దిగుతున్నారో దాన్నిబట్టి అర్థం దానంతటదే మారిపోతుంది.

గోదావరిఖనిలో బొగ్గుబాయిల మీద పనిచేసి రిటైరైన మా మేనమామ మాటల్లో సగం ఇంగ్లిష్ అక్షరాలే. జీడీకే, ఆర్కే, కేకే, కేటీకే, ఆర్జీ-1, ఆర్జీ-2, సీహెచ్‌పీ, ఓసీపీ. మొదటిసారి వినేవాళ్లకు ఏదో అంతరిక్ష కేంద్రం కథ చెప్తున్నట్టుంటుంది. ఒకరోజు ఆయన్ని కూర్చోబెట్టి క్విజ్ పెట్టాను.

“మామా, జీడీకే అంటే?”

“గోదావరిఖని.”

“కేకే?”

“కళ్యాణి ఖని. మందమర్రి దిక్కు.”

“ఎస్‌డీఎల్?”

“బొగ్గు ఎత్తే మిషిని.”

“అట్ల కాదు మామా, ఫుల్ ఫామ్.”

“ఎత్తేదానికి ఫుల్ ఫామేందిరా? అదచ్చినంక నెత్తిమీది తట్ట దిగింది. గదే ఫుల్ ఫామ్.”

పుస్తకంలో జవాబు సైడ్ డిశ్చార్జ్ లోడర్. మామ జవాబుకు నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను. బాయిలో బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో నింపే పనిని తట్టా చెమ్మస్ అంటారు. దుమ్ములో, ఉక్కలో, చీకట్లో చేసే పని. ఎస్‌డీఎల్‌లు, ఎల్‌హెచ్‌డీలు వచ్చి ఆ పనిని తీసుకున్నాయి. తట్ట దిగడం మంచిదే. కానీ తట్టలు మోసినన్ని నెత్తులకు తర్వాతి తరంలో పని మిగల్లేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలకు వచ్చారు.

ఇక్కడ ఒక పాత నాటకం ముచ్చట చెప్పాలి. సైన్స్ ఫిక్షన్ క్విజ్‌లో అన్నిటికంటే పాత సంస్థ పేరు ‘ఆర్.యు.ఆర్.’. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో అచ్చువేయించిన నాటకం. ‘రోసుమ్స్ యూనివర్సల్ రోబోట్స్’ అనేది అందులో ఒక కంపెనీ. నాటకం చెక్ భాషలో, కంపెనీ పేరు మాత్రం ఇంగ్లిష్‌లో. మన సందు చివర బట్టల కొట్టు కూడా ‘అండ్ సన్స్’ అని బోర్డు పెట్టుకున్నట్టు. రోసుమ్ అన్న పేరులో చెక్ మాట ‘రోజుమ్’ వినిపిస్తుంది, అంటే బుద్ధి. రోబో అన్న మాట లోకానికి వచ్చింది ఈ కంపెనీ బోర్డు మీది నుంచే. ఆ మాటను సూచించింది కారెల్ అన్న యోసెఫ్. దాని మూలం ‘రోబోతా’. దొర పొలంలో కూలి లేకుండా రైతు చేసి తీరాల్సిన చాకిరీ. హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యంలో దాన్ని రద్దు చేసింది 1848లో.

రోబోతాకు తెలుగు మాట వెతుక్కోనక్కర్లేదు. వెట్టి. మనం రోబోకు ‘మరమనిషి’ అని పేరు పెట్టుకున్నాం. అందులో మర ఉంది, మనిషి ఉన్నాడు, చాకిరీ జారిపోయింది. ఆ కంపెనీ పేరును మా జిల్లా తెలుగులో విప్పితే ‘బుద్ధిగారి సార్వత్రిక వెట్టివాళ్లు’ అని రావాలి. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీలు వెట్టి చేయమని ఎదురుతిరిగారు. అది చూసిన తరానికి ఈ పేరు ఎవరూ వివరించనక్కర్లేదు. చాపెక్ నాటకంలో రోబోలు చివరికి చేసిందీ ఎదురుతిరగడమే. ఇంకో సంగతి. సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఆ పేరుతో నమోదైంది కూడా 1920లోనే, డిసెంబర్‌లో. సింగరేణి అనేది ఇల్లందు దగ్గరి ఒక ఊరి పేరు. ఆ ఊరి పేరు గోదావరి దాటి మందమర్రి, బెల్లంపల్లి దాకా పరుచుకుంది. ‘సింగరేణిల నౌకరి’ అనే మాటలో ఇప్పుడా ఊరు ఎవరికీ కనిపించదు.

పొట్టిపేర్ల మీద గట్టిగా ఆలోచించిన రచయిత ఆర్వెల్. 1949లో వచ్చిన ‘1984’ చివర ఒక అనుబంధం ఉంటుంది. కథ కోసం చదివేవాళ్లు సాధారణంగా దాన్ని వదిలేస్తారు. పేరును కత్తిరిస్తే దానికి అంటుకున్న ఆలోచనలు కూడా తెగిపోతాయని, నోరు ఆగకుండా పలికేస్తుందని, ప్రభుత్వాలకు కావలసింది అదేనని అందులో ఆయన వాదన. ఇది చదివినప్పుడు నాకు ‘ఓసీపీ’ గుర్తొచ్చింది. ఓపెన్‌కాస్ట్ ప్రాజెక్ట్. మా దిక్కు ‘ఆ ఊరు ఓసీపీల పోయింది’ అంటారు. ఆ వాక్యాన్ని ఒక్కసారి మళ్లీ చదవండి. అందులో పోగొట్టినవాళ్లు లేరు. ఊరు తనంతట తానే నడిచిపోయి మూడక్షరాల్లో దూరినట్టుంది. విప్పి చెప్పాలంటే ఇళ్లు, గుడి, మర్రిచెట్టు, పీర్లకొట్టం, పొలాలు, బొందలగడ్డ అన్నిటినీ మట్టితో సహా పైకెత్తి పక్కన గుట్టగా పోసి కింది బొగ్గు తీయడం. అంత పొడుగు వాక్యం రోజూ ఎవరనగలరు? ఓసీపీ అనడమే తేలిక. ఆర్వెల్ చెప్పింది ఈ తేలిక గురించే.

కానీ ఆయన వాదన సగమే మాకు సరిపోతుంది. అక్షరాలు అర్థాన్ని పోగొట్టుకుంటాయి నిజమే, ఊరికే ఖాళీగా మాత్రం ఉండవు. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైంది 1980లో, ఆగిపోయింది 1999లో. తర్వాత ఆర్ఎఫ్‌సీఎల్ అని కొత్త కంపెనీ వచ్చి 2021లో మళ్లీ యూరియా తీసింది. నడిచింది పందొమ్మిదేళ్లు, మూతబడి ఉన్నది ఇరవై రెండేళ్లు. ఆ ఇరవై రెండేళ్లూ ఆటోవాళ్లు ‘ఎఫ్‌సీఐ, ఎఫ్‌సీఐ’ అని పిలుస్తూనే ఉన్నారు, ఎఫ్‌సీఐ క్రాస్‌రోడ్ అట్లాగే ఉంది. ఫర్టిలైజర్ లేదు, కార్పొరేషన్ జాడ లేదు. అక్కడ పెళ్లిళ్లయినవాళ్లు, చదువుకున్నవాళ్లు, సైకిల్ నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. ఆ అక్షరాల్లో మిగిలింది వాళ్లే. ఏ జీకే పుస్తకంలోనూ ఈ అర్థం దొరకదు.

ఇదంతా ఇంగ్లిష్ అక్షరాల గోల. తెలుగుకు తన సొంత పద్ధతి ఉంది. ఇంగ్లిష్‌లో ఒక్కో అక్షరం ఒంటరి హల్లు, నాలుగు హల్లులు పక్కపక్కన పడితే నోరు తిరగదు. అందుకే ఎస్-సీ-సీ-ఎల్ అని విడివిడిగా చదవాలి. మన అక్షరంలో అచ్చు కలిసే ఉంటుంది, ఏ నాలుగు ఏరుకొచ్చినా మాట తయారు. అరసం (1943), విరసం (1970), తెరవే, తెరాస. సింగరేణి కార్మిక సమాఖ్య ‘సికాస’ అయింది. అరసం, విరసం రెండిటికీ నిఘంటువు లెక్కన రసం లేనిదనే అర్థం వస్తుంది. రచయితల సంఘాలు అయ్యుండి ఆ పేర్లతోనే దశాబ్దాలు బతికాయి, ఎవరూ ఆ అర్థం తీయలేదు. థ్రష్ నేర్పిన పాఠమే ఇది. వాడగా వాడగా మాట సొంత కాళ్ల మీద నిలబడుతుంది.

మరి మన సైన్స్ ఫిక్షన్ ఈ సౌకర్యాన్ని ఎందుకు వాడుకోదు? ‘రోబో’ (2010)లో పరిశోధన సంస్థ పేరు ‘ఎయిర్డ్’. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్. ‘కల్కి 2898 ఏడీ’ (2024)లో అధికారం ఉన్నచోటు ‘కాంప్లెక్స్’, ఎదురు నిలిచినవాళ్ల చోటు ‘శంభల’. అధికారానికి ఇంగ్లిష్, ఆశకు పురాణం. మధ్యలో మనం రోజూ మాట్లాడే తెలుగుకు తొమ్మిది వందల ఏళ్ల తర్వాత కూడా ఒక ఆఫీసు దొరకలేదు. 2898లో కూడా మస్టర్ పడే చోటు, పింఛన్ కాగితాలు తిరిగే చోటు ఉంటాయి కదా. వాటిని మామ లాంటివాళ్లు ఏమని పిలుస్తారో రాసే రచయిత కోసం నేను ఎదురుచూస్తున్నాను.

నిజమైన పేరు, కల్పించిన పేరు అని రెండు బుట్టలు పెట్టినా కొన్ని ఏ బుట్టలోనూ ఇమడవు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న 2010, 2011 రోజుల్లో మా దగ్గర బండ్ల నంబర్‌ప్లేట్ల మీద ‘ఏపీ’ చెరిపి ‘టీజీ’ అని రాసుకున్నారు, స్టిక్కర్లు అంటించుకున్నారు. ఆ రోజు ఏ క్విజ్ పుస్తకం తెరిచినా టీజీ అనే రాష్ట్రం లేదు. అది లేని రాష్ట్రానికి ఉన్న అక్షరాలు, పక్కా సైన్స్ ఫిక్షన్. కాకపోతే ఆ కల్పనను బండికి తగిలించుకుని చౌరస్తాలో పోలీసు ముందు నుంచి పోవాలి. సుసాన్ మొదటి అక్షరాలు ఏరి పేరు కట్టింది ఇంట్లో ఉన్న యంత్రానికి. ఇక్కడ పేరు ముందు తయారైంది, యంత్రం తర్వాత రావాలి.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అక్షరాలు మాత్రం ‘టీఎస్’ అని వచ్చాయి. పదేళ్ల తర్వాత, 2024 మార్చిలో, ‘టీజీ’ అయ్యాయి. ఏపీఎస్సార్టీసీ టీఎస్సార్టీసీ అయి టీజీఎస్సార్టీసీ అయింది. టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది. రూముల్లో చదువుకునే పిల్లలు పాత పుస్తకంలో పెన్నుతో కొట్టేసి కొత్తది రాసుకున్నారు. షీల్డ్‌కి మూడు అర్థాలు మారడానికి నలభై ఏళ్లు పట్టింది. మేం పదేళ్లలో మూడు చూశాం. ఏ రెండక్షరాలు సరైనవన్న వాదన రాజకీయం చేసేవాళ్లు ఇంకా చేస్తూనే ఉన్నారు. నాకు ముఖ్యమనిపించేది వేరే. అక్షరాలు ఎవరో పైనుంచి ఇస్తే వాడుకోవడమే మనకు తెలుసు. ఒక్కసారి మాత్రం జనం ముందే అక్షరాలు రాసుకుని, వాటికి అర్థం వచ్చేదాకా కొట్లాడారు.

కరీంనగర్ బస్టాండ్ పార్కింగ్‌లో ఒక వరుస చూస్తే ఈ చరిత్రంతా పక్కపక్కనే స్టాండ్ వేసి ఉంటుంది. పాత స్కూటర్ మీద ఏపీ 15, దాని పక్కన టీఎస్ 02, ఆ పక్కన మొన్న కొన్న బండి టీజీ 02. మూడూ కరీంనగర్ బండ్లే. పార్కింగ్ పిల్లాడు ముగ్గురికీ ఒకటే రంగు చీటీ చింపి ఇస్తాడు. చీటీ మీద చివరి నాలుగు అంకెలే రాసుకుంటాడు.